ఒక్క ఊ

స్టూలు మీద కూర్చున్న మనిషి కింది రెప్పను బొటనవేలితో కిందికి లాగి, టార్చి వెయ్యకుండానే డాక్టరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. టార్చి అక్కర్లేదు. కిటికీలోంచి పడుతున్న ఎండ చాలు. తెల్లగుడ్డు తెల్లగా లేదు. పండిన ఆకులా పచ్చబారి ఉంది.

ఆపరేషనై ఇంకా వారం తిరగలేదు.

"మా బస్సు రంగే నాకూ వచ్చేసింది డాక్టరుగారూ," అంది ఆమె. "ఇంక డ్యూటీకి యూనిఫాం కూడా అక్కర్లేదు."

సిటీ బస్సులో కండక్టరు. స్టాపుల పేర్లు అరిచీ అరిచీ గొంతు బొంగురుపోయింది. ఆపరేషన్‌కి ముందు వార్డులో ఉన్న రెండ్రోజులూ పక్క మంచాల వాళ్ళందరినీ ఆ గొంతుతోనే నవ్వించింది. వార్డులో ఆమెని అందరూ కండక్టరమ్మ అనేవారు. ఇప్పుడా నవ్వు పెదాల దాకా వచ్చి ఆగిపోతోంది. మాట్లాడుతున్నంతసేపూ కుడిచేతి గోళ్ళు ఎడమ మోచేతి మీద గీరుతూనే ఉన్నాయి.

"నవ్వులాటగా ఉందా నీకు?" అంది వెనకాల నిలబడ్డ అత్తగారు. సంచీని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుని అతని వైపు తిరిగింది. "ఏదో తినుంటుంది డాక్టరుగారూ. చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపారు మీరు, నూనె వస్తువు ముట్టొద్దని. ఈవిడగారి నోరు ఊరుకుంటుందా? మా కళ్ళుగప్పి ఏదో మింగింది. అందుకే ఇలా తిరగబెట్టింది. అవునా కాదా మీరే చెప్పండి."

"ఊ," అన్నాడు అతను.

అది మాట కూడా కాదు. నాడి పట్టుకుని లెక్కపెట్టుకుంటున్నప్పుడు, కాయితాలు తిరగేస్తున్నప్పుడు, ఎదుటివాళ్ళు చెప్పుకుపోతుంటే ఏ డాక్టరు నోట్లోంచైనా దానంతటది జారిపడే శబ్దం. 'వింటున్నాను, కానివ్వండి' అని దానర్థం. ఎప్పుడూ అంతే. ఈసారి మాత్రం అది నోట్లోంచి వచ్చాక గదిలో ఎక్కడో కుదురుగా కూర్చున్నట్టు అతనికి వినిపించింది. అత్తగారు కొడుకు వైపు తిరిగి, "విన్నావా?" అంది. లిఫ్టులు బాగుచేసే మనిషి ఆ కొడుకు. నూనె మరకలు వదలని వేళ్ళతో హెల్మెట్ పట్టీని మెలిపెడుతూ పెళ్ళాం కేసి ఒకసారి చూసి, తల దించుకున్నాడు. ఆమె గోళ్ళు గీరడం ఆపేశాయి.

ఇప్పుడు చెప్పొచ్చు. 'కాదమ్మా, తిండికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.' ఒక్క ముక్క. గాలి పీల్చి వదిలినంతలో అయిపోతుంది. అతను గాలి పీల్చాడు. "స్కానింగ్ చేయిద్దాం. అడ్మిట్ అవ్వండి," అన్నాడు.

స్కానింగ్ చీటీ రాస్తున్న చెయ్యి నిబ్బరంగానే ఉంది. ఊళ్ళో అతన్ని మెత్తచేతి డాక్టరు అంటారు. ఆ చేతిని చూసుకుంటుంటే అతనికి ఒంట్లో ఎక్కడో వెలితిగా అనిపించింది. వణికినా బాగుండేది.

*

స్కానింగ్ గదిలో తెర మీద కాలేయం బూడిదరంగు మబ్బులా ఉంది. దానిలోంచి కిందికి దిగే నాళాలు తెల్లటి కొమ్మల్లా ఉబ్బి ఉన్నాయి. కొమ్మలన్నీ కలిసి మానుగా మారే చోట మాను లేదు. అక్కడ నల్లటి చుక్కలు రెండు ఉన్నాయి, అతను వేసిన క్లిప్పులు. ఆ కింద ఏమీ లేదు.

కాలేయంలో పుట్టే పైత్యరసం ఒక పెద్ద నాళంలోంచి పేగులోకి దిగుతుంది. దారిలో సన్నటి కాడకి వేలాడే చిన్న సంచి పిత్తాశయం. సంచిలో రాళ్ళు పడి బాధపెడితే ఆ కాడకి క్లిప్పులు వేసి, కోసి, సంచిని తీసేస్తారు. మనిషికి ఏ లోటూ రాదు. కానీ సంచి వాచి, చుట్టూ ఉన్నవన్నీ జిగురు పూసినట్టు అతుక్కుపోయి ఉన్నప్పుడు, దాన్ని పట్టుకుని పైకి లాగితే కింద ఉన్న పెద్ద నాళం కూడా గుడారం గుడ్డలా లేచి వస్తుంది. అచ్చం కాడలాగే కనిపిస్తుంది. అక్కడే ఆగాలి. సంచిలోకి పోయేవి కాడా, ఒక రక్తనాళమూ, రెండే రెండని, వాటి వెనక కాలేయం తప్ప ఇంకేమీ లేదని చూసుకునేదాకా కత్తెర ఎత్తకూడదు. జూనియర్లకి ఈ మాట చెప్పీ చెప్పీ అతనికే విసుగొచ్చింది. చూసుకున్నాను అనే అనుకున్నాడు ఆ రోజు కూడా.

మధ్యాహ్నం థియేటర్ పక్క గదిలో తలుపు వేసుకుని ఆపరేషన్ వీడియో పెట్టుకున్నాడు. కడుపులోకి పంపిన కెమెరా చూసినదంతా అందులో ఉంటుంది, చప్పుడు మాత్రం ఉండదు. ఎర్రగా, తడిగా ఉన్న ఆ గుహలోకి అతని పనిముట్లు రెండు వచ్చాయి. ఎడమది సంచి మెడని పట్టుకుని పైకెత్తింది. కుడిది పైపొరని నెమ్మదిగా, ముద్దుగా అనిపించేంత నెమ్మదిగా ఒలిచింది. తెల్లటి నాళం ఒకటి బయటపడింది. అక్కడ కుడిచెయ్యి ఓ క్షణం ఆగింది. ఆ క్షణంలో తనేమన్నాడో అతనికి గుర్తుంది. పక్కనున్న జూనియర్‌తో, "ఇదిగో, కాడ దొరికింది," అన్నాడు.

పేరు పెట్టేశాడు. ఒకసారి పేరు పెట్టాక కన్ను పేరునే చూస్తుంది, వస్తువుని చూడదు.

వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. ఇప్పుడు తెలుసు అది పెద్ద నాళమని. కళ్ళముందు స్కానింగ్ బొమ్మ ఉంది. అయినా తెర మీద ఆ తెల్లటి గొట్టం లేచి రాగానే అతని కన్ను, సిగ్గులేని కన్ను, 'కాడ' అంది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ 'కాడ' అంది. తెలిసీ చూడలేకపోతున్నాడు. కోతని క్షమించుకోవడానికి అదొక దారి అని అతనికి వెంటనే తోచింది, ఎవరైనా అలాగే పొరబడేవారని. ఆ దారిలో రెండడుగులు వేశాడు కూడా. అంతలో స్టూలు మీద గోళ్ళు గీరడం ఆపేసిన చెయ్యి గుర్తొచ్చింది. కోత సంగతి సరే. కళ్ళు పచ్చబడ్డాయని చూసిన క్షణంలోనే అతనికి అంతా తెలిసిపోయింది. ఆ 'ఊ' తెలిశాక అన్నది. దానికి వీడియో లేదు.

మాస్టారికి ఫోన్ చేశాడు. అతనికి కత్తి పట్టడం నేర్పిన మనిషి. ఇలా తెగిన నాళాల్ని పేగుతో కలిపి కుట్టడంలోనే జుట్టు నెరిసింది ఆయనకి.

"ఏరా," అన్నాడాయన, ఇతను నమస్కారం అనేలోపే. "నువ్వు ఈ వేళప్పుడు ఫోన్ చేశావంటే ఏదో కోసుంటావు. ఏం కోశావు?"

చెప్పాడు.

"చూసి కోశావా, కోశాక చూశావా?"

"చూశాననుకున్నాను సార్."

"ఊఁ. అందరూ అదే అంటారు, నేనూ అదే అన్నాను ఒకప్పుడు. జ్వరం ఉందా? పైత్యం కడుపులోకి కారుతోందా?"

"లేదు సార్. క్లిప్పులు గట్టిగానే ఉన్నాయి."

"అదొక్కటే నువ్వు సరిగ్గా చేసిన పని. అయితే ఆలస్యం చెయ్యొద్దు. రేపు సాయంత్రానికి వస్తాను, ఎల్లుండి పొద్దున్నే చేసేద్దాం. నువ్వు నాకెదురుగా నిలబడు." ఆగి, "ఆమెకి చెప్పావా?" అన్నాడు.

"చెప్తున్నాను సార్."

"చెప్తున్నాను అంటే చెప్పలేదని," అని పెట్టేశాడాయన.

*

చెప్పడానికే వెళ్ళాడు ఆ సాయంత్రం. మెట్లెక్కుతూ వాక్యాలు పేర్చుకున్నాడు. వార్డులో ముగ్గురూ ఉన్నారు. అత్తగారు కిటికీ గూట్లో సామాన్లు సర్దుతోంది. కండక్టరమ్మ దువ్వెన పళ్ళతో పిక్కలు గోక్కుంటోంది. చర్మం మీద తెల్లటి గీతలు లేచి ఎర్రబడుతున్నాయి. రక్తంలోకి పైత్యం చేరితే దురద అలా పట్టిపీడిస్తుంది, నిద్రపోనివ్వదు.

"స్కానింగ్ వచ్చింది," అన్నాడు. "లోపల నాళానికి అడ్డు ఏర్పడింది. దాన్ని సరిచెయ్యడానికి ఇంకో ఆపరేషన్ చెయ్యాలి. మా గురువుగారు వస్తున్నారు. ఆయన చేతిలో భయం లేదు."

ఎలా మొదలెట్టాడో విన్నాక అతనికే తెలిసింది, ఇక ముందుకి పోలేనని. అడ్డు దానంతటదే ఏర్పడినట్టుంది.

"అడ్డు పడిందా!" అంది అత్తగారు. చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "ఏం పడింది డాక్టరుగారూ? తిన్న ముక్కేనా?"

"అలా కాదమ్మా. లోపల... వివరంగా తరవాత చెప్తాను."

"మీరు మంచివారు, మొహమాటానికి పోయి పైకి అనరు. నాకు తెలీదూ?" కొడుకుతో అంది. "విన్నావురా? గొంతులో పడేసుకున్నది ఎక్కడికి పోతుంది, లోపల అడ్డం పడింది. మళ్ళీ కొయ్యాలట. పాపం ఆ మహానుభావుడు ఎక్కణ్ణించో రావాలట, దీని జిహ్వచాపల్యానికి."

పక్క మంచం దగ్గరున్న ఒకావిడ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "మా తోటికోడలూ ఇంతేనమ్మా. పథ్యం అంటే పగ."

ఆ మాటకి వార్డులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఇదే మంచాల మధ్య పోయిన వారం అందరినీ నవ్వించిన మనిషి గోడ వైపు తిరిగి పడుకుంది. "నేనేం తినలేదత్తయ్యా," అంది గోడతో. "చెప్పానుగా."

"ఒట్టేశావు కూడాను. కన్నకూతురి మీద ఒట్టు. ఏ నోటితో వేశావో!"

భర్త, "అమ్మా, ఇంక ఊరుకో," అన్నాడు. అతని గొంతులో పెళ్ళాం మీద జాలి లేదు, విసుగే ఉంది.

డాక్టరు నర్సు బల్ల దగ్గరికి వెళ్ళి దురదకి మందు రాశాడు. పూతకి లోషన్ రాశాడు. ఆమెని గాలి బాగా వచ్చే చివరి గదిలోకి మార్చమన్నాడు. తన గదిలో ఉన్న ఫ్యాను తీసుకెళ్ళి అక్కడ పెట్టమన్నాడు. హెడ్ నర్సు కళ్ళద్దాల పైనుంచి చూసి, "మీకు చుట్టాలా సార్?" అంది. ఆమె ఎగతాళికి అనలేదు. అతనికి మాత్రం తల కొట్టేసినట్టయింది. ఈ మర్యాదల లంచం ఎవరికిస్తున్నాడో అతనికి తెలుసు. పుచ్చుకుంటున్నదీ తనే.

ఇంటికి వెళ్ళాక భార్య ఏదో చెబుతోంది, పై వాటాలో కొత్తగా దిగినవాళ్ళ కుక్క గురించి. అతను వింటున్నాడు, వినడంలేదు.

"దేనికండీ ఊ?" అంది ఆమె హఠాత్తుగా.

"ఏంటి?"

"కుక్కని మనింట్లో కట్టేసుకుంటారట అన్నాను. ఊ అన్నారు. రేపు తెచ్చి కట్టేస్తారు, అప్పుడు తెలుస్తుంది మీ ఊ ఎంత పని చేస్తుందో." నవ్వుతూ మజ్జిగ గ్లాసు దగ్గరికి జరిపి, అతని మొహం చూసి నవ్వు ఆపేసింది. "ఏమైంది?"

"ఏం లేదు," అన్నాడు. ఆ మాట కూడా దానంతటదే జారిపడింది.

*

మర్నాడు అతను రౌండ్స్‌కి వెళ్ళేసరికి కండక్టరమ్మ అత్తగారిని వేణ్ణీళ్ళకి కిందికి పంపింది. భర్త పనిలోకి వెళ్ళాడు. తలుపు దగ్గరగా వెయ్యమని చేత్తో సైగ చేసింది. ఒంటి పచ్చదనం బాగా చిక్కబడింది. అరచేతులు కూడా పసుపు కలిపినట్టున్నాయి.

"మీతో ఒక సంగతి చెప్పాలి. కోప్పడకూడదు."

"చెప్పండి."

"తిన్నాను," అంది. దుప్పటి అంచుని వేలికి చుట్టుకుంటోంది. "ఇంటికెళ్ళిన మర్నాడు. వేయించిన బంగాళాదుంప ముక్కలు. ఎక్కువ కాదు, రెండు. వాసనొచ్చింది, ఆగలేకపోయాను. మా అత్తయ్యకి లేదన్నాను. గట్టిగా అడిగేసరికి నా కూతురి మీద ఒట్టేశాను. ఒట్టు వేస్తున్నప్పుడు తెలుసు, అబద్ధమని." వేలికి చుట్టుకున్న దుప్పటి అంచుని విప్పి, మళ్ళీ చుట్టింది. "రోజూ ఎంతమందిని పట్టుకుంటాను, టిక్కెట్టు లేకుండా ఎక్కినవాళ్ళని! కొనలేదా అంటే కొన్నానంటారు, పిల్లల మీద ఒట్లేస్తారు. బస్సు ఆపి దించేసేదాన్ని. వాళ్ళ మొహాలే కనిపిస్తున్నాయి రాత్రంతా."

అతను మంచం పట్టె మీద చెయ్యి ఆన్చాడు. ఇంతకన్నా తేలికైన సమయం దొరకదు. తలుపు వేసి ఉంది. ఆమే దారి తెరిచింది. 'ఆ ముక్కలు కాదమ్మా, నేను' అనాలి, అంతే. ఆ మాటలు పళ్ళ వెనకదాకా వచ్చాయి. వచ్చినవి అక్కణ్ణించి ఇంకో వేషం వేసుకుని బయటికొచ్చాయి.

"దానికేం లెండి," అన్నాడు, చాలా మెత్తగా. "రెండు ముక్కలకి ఏం కాదు. మనసులో పెట్టుకోకండి."

ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. పచ్చటి కళ్ళలో నీళ్ళు కూడా పచ్చగానే కనిపించాయి. "మీరు తిడతారనుకున్నాను. మీరెంత మంచివారండీ! అంత కష్టపడి చేసి పంపితే, నేను పాడు చేసుకొచ్చానా..." అని రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టింది. సెలైన్ గొట్టం వేలాడుతున్న చెయ్యి కూడా ఎత్తింది.

ఆ నమస్కారం అందుకుని అతను బయటికొచ్చాడు. వరండాలో ఎవరో పలకరించారు, నవ్వాడు కూడా. గదిలోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. నిజాన్ని దాచినవాడు పిరికివాడు. దాచి, పైగా మంచివాడనిపించుకున్నవాణ్ణి ఏమనాలో అతనికి తెలియలేదు. ఆమె ఒప్పుకోలు తన చేతుల్లో పడింది. దాన్ని తిరిగివ్వకుండా, ఓదార్పనే గుడ్డలో చుట్టి జేబులో వేసుకొచ్చాడు. పోనీ తల్చుకుని సిగ్గుపడుతున్నాడు కదా అంటే, ఈ సిగ్గుకూడా తీరిగ్గా కుర్చీలో కూర్చుని, వెనక్కి ఆనుకుని పడుతున్నదే. ఆమెకి దీనివల్ల ఒక్క దురద కూడా తగ్గదు.

సాయంత్రం మాస్టారు వచ్చాడు. పొట్టిగా, చొక్కా చేతులు మడిచి, ఏ పెళ్ళికో వచ్చినవాడిలా చలాకీగా ఉన్నాడు. స్కానింగ్ బొమ్మల్ని ఒక్కొక్కటే వెలుతురుకి ఎత్తిపట్టి చూశాడు. "కలపొచ్చు. కాస్త మిగిల్చావు," అన్నాడు. తరవాత ఆమెని చూడ్డానికి వెళ్ళారిద్దరూ. అత్తగారు లేచి నిలబడింది. మాస్టారు కండక్టరమ్మ పొట్ట మీద చెయ్యి వేసి, ఒక్కో చోటే నొక్కుతూ, "ఏమ్మా, ఏ రూటు నీది?" అని అడిగాడు. చెప్పింది. "అమ్మో, ఆ బస్సులో ఎక్కితే మనిషి ఒకచోట, చొక్కా ఒకచోట దిగాలి," అన్నాడు. ఆమె నవ్వింది, రెండ్రోజుల్లో మొదటిసారి.

"ఏమైందో తెలుసా నీకు? రేపు ఎందుకు చేస్తున్నామో?"

"తెలుసండి," అంది ఆమె. అత్తగారి వైపు చూసి, తల దించుకుని, బస్సులో స్టాపు పేరు చెప్పినంత స్పష్టంగా అంది. "నేనే చేసుకున్నానండి. తినొద్దన్నది తిన్నాను. అందుకే అడ్డు పడింది."

అత్తగారు కోడలి మొహంలోకి వంగి చూసింది. కోడలు ఒప్పుకుంటుందని ఆవిడ అనుకున్నట్టు లేదు. గదిలో ఫ్యాను తిరుగుతోంది.

మాస్టారు చెయ్యి పొట్ట మీదే ఉంది. తలెత్తి శిష్యుడి వైపు చూడలేదు. చూడకపోవడమే అతనికి చెంప మీద తగిలింది. పెద్దాయన దుప్పటి సరిగ్గా కప్పి, "నిద్రపో తల్లీ," అని బయటికి నడిచాడు.

వరండా చివరిదాకా ముందు నడిచాడు. లిఫ్టు దగ్గర ఆగి, మడిచిన చొక్కా చేతుల్ని విప్పి, గుండీలు పెట్టుకుంటూ అన్నాడు. "కడుపులో చెడింది రేపు నేను బాగుచేస్తాను. బుర్రలో చెడింది నా వల్ల కాదురా."

*

మర్నాడు పొద్దున్నే డాక్టరు ఆమె గదికి వెళ్ళాడు. ఆమెకి అప్పటికే థియేటర్ గౌను తొడిగారు. గాజులు తీసి, చెవులవి తీసి, చిన్నపిల్లలా కూర్చుంది మంచం మీద. అత్తగారూ భర్తా బయట బల్ల మీద ఉన్నారు. అతను తలుపు వేసి, నిలబడి మొదలుపెట్టబోయి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మీకు అడ్డు దానంతటది పడలేదు. మీరు తిన్నందుకూ పడలేదు. మొదటి ఆపరేషన్‌లో నేను తప్పు నాళం కోశాను. కొయ్యాల్సిన దాని బదులు పక్కనున్న పెద్ద నాళానికి క్లిప్పులు వేసి కోశాను. పైత్యం కిందికి దిగే దారి పోయింది. మీ కళ్ళు చూడగానే నాకు తెలిసింది."

ఆమె అర్థం కానట్టు చూసింది. పెదాలు కదిలాయి. "అయితే ఆ ముక్కలు?" అంది.

"వాటికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పళ్ళెం నిండా తిన్నా ఇలా అయ్యేది కాదు."

"పళ్ళెం నిండా తిన్నా?"

"అవును."

అతను సిద్ధపడి వచ్చాడు. తిడితే పడదామనుకున్నాడు. ఏడిస్తే కూర్చుందామనుకున్నాడు. ఎలా పొరబడ్డావని అడిగితే వాపు గురించీ, అతుకుల గురించీ, కన్ను చేసే మోసం గురించీ చెప్పడానికి మాటలు ఉన్నాయి. ఆమె వాటి జోలికి పోలేదు.

"మరి మా అత్తయ్య అడిగినప్పుడు మీరు ఊ అన్నారు కదా," అంది.

అతను నేల వైపు చూశాడు. "అన్నాను."

"అప్పటికి తెలుసా?"

"తెలుసు."

"ఎందుకన్నారు?"

"భయమేసింది."

ఆమె తల పంకించింది, టిక్కెట్టు లేనివాడు ఆఖరికి లేదని ఒప్పుకున్నప్పుడు పంకించినట్టు. "కోసినందుకు నాకు కోపం రావట్లేదు. రావాలి కాబోలు, తరవాత వస్తుందేమో. ఆ ఊ మాత్రం..." గాజుల్లేని మణికట్టుని రెండోచేత్తో పట్టుకుంది. "ఆ ముక్కలు నేను తీసుకుని తిన్లేదు డాక్టరుగారూ. నా కూతురు పెట్టింది. పక్కన కూర్చుని తింటోంది. వాసన చూసి నోరూరుతోందే అన్నాను. 'ఒక్కటే అమ్మా, ఎవరికీ చెప్పను' అని తనే నా నోట్లో పెట్టింది. తరవాత ఇంకోటి. మా అత్తయ్య ఇంటికెళ్ళి, డాక్టరే ఊ అన్నాడు, తిండి వల్లేనట అని అందరి ముందూ చెప్పింది. పిల్ల అప్పణ్ణించీ సరిగ్గా తినడంలేదట. నన్ను చూడ్డానికి రమ్మంటే మంచం కింద దూరిందట. వాళ్ళకి తెలీదు ఎందుకో. నాకు తెలుసు."

బయట ఎవరో బకెట్టు ఈడ్చుకుపోతున్న చప్పుడు వినిపించింది. ఇన్ని రోజులూ అతను తన సిగ్గు పొడవూ వెడల్పూ కొలుచుకుంటూ కూర్చున్నాడు. అది ఏ ఇంట్లో, ఎవరి మంచం కింద పడి ఉందో అతనికి ఊహకైనా రాలేదు.

"లోపల మీరుంటారా?" అంది ఆమె.

"మాస్టారికి ఎదురుగా నిలబడి సాయం చెయ్యాలని..."

"వద్దు."

అది కఠినంగా అన్న మాట కాదు. బస్సు నిండిపోయింది, ఇంక ఎక్కొద్దు అన్నట్టుంది. ఆ సాయం చెయ్యడమనేది తనకి తను వేసుకున్న శిక్షలా, సగం ఊరటలా అతను దాచుకున్నాడు. అది చేతిలోంచి పోయాకగానీ ఎంత గట్టిగా పట్టుకున్నాడో తెలియలేదు.

"సరే," అన్నాడు.

"వాళ్ళని పిలవండి. నాకు చెప్పినట్టే చెప్పండి."

పిలిచాడు. తలుపు దగ్గర నిలబడిన ఇద్దరికీ, అవే మాటలు, అదే వరసలో చెప్పాడు. రెండోసారి తేలికవుతుందనుకున్నాడు, కాలేదు. చివర, "ఆ రోజు మీరడిగితే నేను ఊ అన్నది అబద్ధం," అన్నాడు అత్తగారితో.

ముసలావిడ ఎవర్ని తిట్టాలో వెతుక్కుంటున్నట్టు అతని వైపూ, కొడుకు వైపూ చూసింది. కోడలి వైపు మాత్రం చూడలేదు. చూడకుండానే మంచం దగ్గరికి వెళ్ళి, గూట్లోంచి లోషన్ సీసా తీసి, అరచేతిలో పోసుకుని కోడలి పిక్కలకి రాయడం మొదలుపెట్టింది. గీతలు పడిన చోట వేళ్ళు ఆగి ఆగి కదిలాయి.

"గిలిగింతలత్తయ్యా," అంది కోడలు.

"ఉండవే," అంది ఆవిడ.

భర్త హెల్మెట్ కింద పెట్టాడు. "మీ మీద కేసు వెయ్యొచ్చా?" అని అడిగాడు, ఏదో బండి నంబరు అడిగినట్టు.

"వెయ్యొచ్చు. ఏం జరిగిందో నేనే రాసిస్తాను."

"ముందు ఇది కానివ్వండి. తరవాత మాట్లాడదాం."

అవతల నుంచి థియేటర్ వాళ్ళు స్ట్రెచర్ తోసుకొస్తున్నారు. కండక్టరమ్మ భర్త చేతిలోంచి ఫోన్ తీసుకుని, ఇంట్లో కూతురి దగ్గరున్న ఆడబిడ్డకి నొక్కి, చెవి దగ్గర పెట్టుకుంది. "వదినా, దానికివ్వు... ఉందా? మంచం కిందుంటే అక్కడికే ఇవ్వు." ఒక్క క్షణం ఆగి, ఫోన్‌ని అతని వైపు చాపింది. "నేను చెప్తే నమ్మదు. నేను దాని కోసం అబద్ధమాడతానని దానికి తెలుసు. మీరు చెప్పండి."

అతను ఫోన్ అందుకున్నాడు. స్ట్రెచర్ చక్రాలు లోపలికొచ్చాయి. అతను గోడ వైపు జరిగాడు.

"హలో," అంది చిన్న గొంతు. దుప్పట్లోంచి వచ్చినట్టుంది. "ఎవరు?"

"నేను మీ అమ్మకి ఆపరేషన్ చేసిన డాక్టర్ని."

అవతల దుప్పటి కదిలిన చప్పుడు.

"నీకొక సంగతి చెప్పాలి. మీ అమ్మకి బాగోలేకపోవడం నువ్వు పెట్టిన ముక్కల వల్ల కాదు. నా వల్ల. నేను ఒకటి కొయ్యబోయి ఇంకోటి కోశాను."

అతని వెనక థియేటర్ వాళ్ళు ఆమెని మంచం మీంచి స్ట్రెచర్ మీదికి జరుపుతున్నారు.

"చూసుకోలేదా?" అంది పిల్ల.

"చూశాననుకున్నానమ్మా."

"ఇవాళ కూడా మీరేనా?"

"కాదు. నేను లోపలుండను. వేరే ఆయన చేస్తారు."

"హమ్మయ్య," అంది పిల్ల, మనస్ఫూర్తిగా.

తరవాత ఏదో నేలకి తగిలిన చప్పుడయింది. ఫోన్ వదిలేసినట్టుంది. వదిలేసిందేగానీ పెట్టెయ్యలేదు. చిన్న పాదాలు పరిగెత్తుకుపోవడం, ఒక తలుపు ధడాలున గోడకి కొట్టుకోవడం వినిపించాయి. దూరంగా, ఆ ఇంట్లో ఏ గదిలోంచో, తల్లిలాగే బొంగురుగా ఉన్న గొంతు ఇల్లంతా వినపడేలా అరుస్తోంది.

"అత్తా! నా వల్ల కాదంట! నా వల్ల కాదంట! ఆ డాక్టర్ వల్లంట!"

స్ట్రెచర్ అతన్ని దాటి వెళ్ళిపోయింది. అతను గోడకి ఆనుకుని, ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుని, ఆ కేకలు వింటూ నిలబడ్డాడు.